మాట–వాడుక, 7వ పాఠం: యూలజీ

పోయిన పాఠంలో ‘ఆబిచువరీ’ చెప్పి మూడు వాక్యాలు రాయమన్నాను కదా. వచ్చినవాటిలో చాలావరకు ఒకే బాపతు: ‘ఐ గేవ్ యాన్ ఆబిచువరీ ఎట్ మై ఫ్రెండ్స్ ఫ్యునరల్’. వ్యాకరణానికి వంక పెట్టలేం, ‘యాన్’ కూడా సరైన చోటే పడింది, కానీ అంత్యక్రియల దగ్గర నిలబడి ఎవరూ ఆబిచువరీ ఇవ్వరు. అది అచ్చులో వచ్చేది. ఫలానావారు ఫలానా రోజు పోయారు, వయసింత, చేసిన పనులివి, కుటుంబంలో ఉన్నది వీళ్లు, అంతే. రాసేవాళ్లకి పోయినవాళ్లు తెలిసి ఉండాల్సిన పనే లేదు. పెద్ద పత్రికలు పేరున్నవాళ్ల ఆబిచువరీలు వాళ్లు బతికుండగానే రాయించి దాచుకుంటాయి కూడా. అందులో మంచితోపాటు కోర్టు కేసులూ అప్పులూ కూడా రావచ్చు, ఎందుకంటే అది వార్త. మీరు రాయాలనుకున్న వాక్యానికి కావాల్సిన మాట వేరే. ఈసారికి ఇంకో మాట అనుకున్నాను గానీ, ఆ వాక్యాలన్నీ చూశాక యూలజీ చెప్పకుండా ముందుకెళ్లడం కుదరదనిపించింది.

యూలజీ అంటే పోయినవాళ్లని తలుచుకుని వాళ్ల గురించి నాలుగు మంచిమాటలు చెప్పే ప్రసంగం. గ్రీకు నుంచి వచ్చింది. మొదటి ముక్కకి మంచి అని, రెండోదానికి మాట అని అర్థం. పలికేటప్పుడు ఊనిక ‘యూ’ మీద పడాలి, ‘యులోజీ’ అని మధ్యలో సాగదీయొద్దు.

తెలుగులో ‘నివాళి’ అని రాసేసి ఊరుకోకండి. ఫొటోకి దండ వేసినా నివాళే, రెండు నిమిషాలు మౌనంగా నిలబడినా నివాళే. యూలజీకి మాత్రం నోరు విప్పాలి. సంతాపం తెలిపేది బతికున్నవాళ్లకి, కాబట్టి అదీ కాదు. ‘సంస్మరణ ప్రసంగం’ అనొచ్చు, తప్పేం లేదు, కాకపోతే నాకది మైకు పెట్టి పిలిచినట్టుంటుంది. నేనైతే ‘నివాళి ప్రసంగం’ అంటాను.

ఇక వాడుక. యూలజీని ‘డెలివర్’ చేస్తారు లేదా ‘గివ్’ చేస్తారు, కాగితం చూసి చదివితే ‘రీడ్’ చేస్తారు. ‘టెల్’, ‘స్పీక్’ కుదరవు. ఎవరి గురించో చెప్పడానికి ‘ఫర్’ వాడండి. ‘షి డెలివర్డ్ ఎ యూలజీ ఫర్ హర్ టీచర్’. 2004 జూన్ 11న వాషింగ్టన్‌లో అమెరికా మాజీ అధ్యక్షుడు రొనాల్డ్ రీగన్ అంత్యక్రియలు జరిగినప్పుడు బ్రిటన్ మాజీ ప్రధాని మార్గరెట్ థాచర్ అక్కడే కూర్చుని ఉన్నారు, కానీ ఆవిడ యూలజీ తెర మీద వీడియోలో వినిపించింది. బహిరంగ ప్రసంగాలు చేయొద్దని డాక్టర్లు చెప్పడంతో ముందే రికార్డు చేసి పెట్టారు. అయినా సరే ‘థాచర్ డెలివర్డ్ ఎ యూలజీ’ అనే అంటారు. 2018లో అమెరికా సెనేటర్ జాన్ మెక్‌కెయిన్ పోయినప్పుడు యూలజీ ఇచ్చినవాళ్లలో మాజీ అధ్యక్షులు జార్జి డబ్ల్యూ. బుష్, బరాక్ ఒబామా ఇద్దరూ ఉన్నారు. ఒకరు 2000లో రిపబ్లికన్ పార్టీ అధ్యక్ష అభ్యర్థిత్వం దగ్గర, ఇంకొకరు 2008 అధ్యక్ష ఎన్నికలో ఆయన్ని ఓడించినవాళ్లు. మాట్లాడమని వాళ్లని ఆయనే బతికుండగా అడిగాడు. అంటే యూలజీ ఇవ్వడానికి అయినవాళ్లే కానక్కర్లేదు.

క్రియ ‘యూలజైజ్’. దీని వెనకాల ‘అబౌట్’ తగిలించొద్దు, ‘దే యూలజైజ్డ్ హిమ్’ అంటే చాలు. ఈ క్రియని బతికున్నవాళ్ల మీదా వాడొచ్చు, ఆకాశానికెత్తేశారనే అర్థంలో: ‘క్రిటిక్స్ యూలజైజ్డ్ హర్ ఫస్ట్ నావెల్’. నామవాచకానికీ నిఘంటువులో ఆ అర్థం ఉంది. కానీ రిటైర్మెంట్ సభకి ‘ఎ యూలజీ ఫర్ అవర్ మేనేజర్’ అని బ్యానర్ కట్టారనుకోండి, ఆ మేనేజరు గుండె పట్టుకుంటాడు.

‘ఎలిజీ’తో కలిపేయొద్దు. అది కవిత, దాని పని శోకించడం. మహాప్రస్థానం మొదట్లో శ్రీశ్రీ కొంపెల్ల జనార్దనరావు కోసం రాసింది ఎలిజీ.

ఇప్పుడు నన్ను విసిగించే విషయానికొద్దాం. ‘యాన్ యూలజీ’ అని రాయకండి. దయచేసి రాయకండి. ఎ, ఈ, ఐ, ఓ, యూ ముందు ‘యాన్’ పెట్టాలని బళ్లో బట్టీ పట్టించారు, అక్కడే వచ్చింది చిక్కంతా. చూడాల్సింది అక్షరాన్ని కాదు, శబ్దాన్ని. యూలజీ కాగితం మీద ‘ఈ’తో మొదలైనా నోట్లో ‘య’తో మొదలవుతుంది, ‘య’ హల్లు, కాబట్టి ‘ఎ యూలజీ’. అలాగే ఎ యూరోపియన్, ఎ యూనివర్సిటీ, ఎ యూనిఫాం, ఎ యూనిట్, ఎ యూజర్, ఎ యూట్యూబ్ ఛానల్. ‘వన్’ రాయడం ఓతో రాస్తాం, పలకడం ‘వ’తో, అందుకని ఎ వన్‌వే రోడ్. అటు తిరగేస్తే యాన్ అవర్, యాన్ ఆనెస్ట్ మ్యాన్ (హెచ్ పలకదు కాబట్టి), యాన్ ఎక్స్‌రే. అంబ్రెల్లా, అంకుల్ రాసేది యూతోనే, కానీ వినిపించేది ‘అ’, కాబట్టి యాన్ అంబ్రెల్లా, యాన్ అంకుల్.

ఇంతవరకూ చెబితే ఓ ప్రశ్న తప్పకుండా వస్తుంది: ‘చెవినే నమ్మమన్నారు కదండీ, ఎలిజీని నేను యెలిజీ అంటాను, మరి ఎ యెలిజీ అనొచ్చా?’ అనకూడదు. మాట మొదట్లో ఎ, ఏ వస్తే ముందు చిన్న ‘య’ చేర్చడం తెలుగు నోటికి అలవాటు. ఎక్కడ అని రాసి యెక్కడ అంటాం, ఏమిటి అని రాసి యేమిటి అంటాం, ఒకటి కూడా వొకటి అవుతుంది. ఎగ్ యెగ్ అయ్యేదీ, ఎమ్మెల్యే యెమ్మెల్యే అయ్యేదీ ఇలాగే. ఆ ‘య’ మనది, ఇంగ్లిషుది కాదు, లెక్కలోకి తీసుకోకూడదు. కాబట్టి యాన్ ఎలిజీ, యాన్ ఎగ్, యాన్ ఎమ్మెల్యే.

నా అడ్డదారి చెబుతాను, ఏ వ్యాకరణ పుస్తకంలోనూ వెతక్కండి. ‘యూ’ వినిపిస్తే కళ్లు మూసుకుని ‘ఎ’ పెట్టేయండి. ‘యె’ వినిపిస్తే స్పెల్లింగ్ చూడండి: వైతో మొదలైతే ‘ఎ’ (ఎ యెల్లో షర్ట్), కాకపోతే ‘యాన్’. అప్పటికీ అనుమానం ఉంటే నిఘంటువులో ఉచ్చారణ చూడండి, మొదటి గుర్తు జె అక్షరంలా ఉంటే అది ‘య’ శబ్దం, ‘ఎ’ పెట్టాలి.

అభ్యాసం. మీకు బాగా తెలిసి, ఇప్పుడు లేని ఒక మనిషిని తలుచుకోండి. ఇంగ్లిషులో ఆ ఒక్కరి గురించే మూడు రాయాలి: 40 మాటల్లో ఆబిచువరీ, ఆ ఇంటివాళ్లకి రెండు వాక్యాల సంతాపం, పైకి చదివితే మూడు నిమిషాలు పట్టే యూలజీ. యూలజీలో ‘గ్రేట్ సోల్’, ‘లెజెండ్’, ‘హెల్పింగ్ నేచర్’ కనబడితే వెనక్కి పంపేస్తాను. మంచివాడని చెప్పడం కాదు, ఏం చేశాడో చెప్పండి. ‘హి నెవర్ లెట్ ఎ స్టూడెంట్ లీవ్ వితౌట్ ఎ బుక్’ లాంటివి మూడు ఉంటే చాలు, విశేషణాలతో పని ఉండదు. పంపేముందు గడియారం పెట్టుకుని గట్టిగా చదవండి, మూడు నిమిషాలు దాటితే కత్తిరించండి. కష్టమే, వారం కాదు రెండు వారాలు తీసుకోండి.

వచ్చే పాఠం ‘కండోల్’, అంటే సంతాపం తెలపడం. ‘కండోల్డ్ ది డెత్’ అని మన ఇంగ్లిషు పేపర్లు రోజూ రాస్తుంటాయి, అది చూసి నేర్చుకున్నవాళ్లు ఈలోపు ‘కండోల్ విత్’ అని ఒకసారి అనుకుని ఉంచుకోండి.