మాయ్రా లోయలో శని, ఆదివారాలు

ఇటలీలోని టురిన్‌లో మనవాళ్ళు వీకెండ్ అనగానే కోమో సరస్సుకో, సముద్రం ఒడ్డునున్న చింక్వె తెర్రె ఊళ్ళకో టికెట్లు వెతుకుతారు. నేనూ మొదటి రెండేళ్ళు అదే చేశాను. సెల్ఫీ స్టిక్కుల మధ్య దారి చేసుకుంటూ నడిచి నడిచి విసుగొచ్చాక, ఆఫీసులో ఒక పెద్దాయన "మా కూనియో వైపు లోయలు చూశావా?" అని అడిగాడు. అప్పటి నుంచి మాయ్రా లోయకి నాలుగుసార్లు వెళ్ళాను. వెళ్ళాలనుకునేవాళ్ళకి, ముఖ్యంగా చదువుకోవడానికి వచ్చి చేతిలో రెండు రోజులే ఉన్నవాళ్ళకి, నాకు తెలిసింది చెబుతాను.

ఇది పియెమోంతె రాష్ట్రంలో, ఫ్రాన్స్ సరిహద్దు దాకా సాగే లోయ. ఇక్కడి పాత భాష ఆక్సిటన్. 1999లో వచ్చిన చట్టంతో ఇటలీ దాన్ని మైనారిటీ భాషగా గుర్తించింది. ఎర్ర గుడ్డ మీద పసుపు శిలువ ఉన్న జెండా ఇళ్ళ మీద కనిపిస్తే ఏ పార్టీదో అనుకోకండి, అది ఆక్సిటన్ జెండా.

ముందు ప్రయాణం సంగతి. టురిన్ పోర్తా నువోవా స్టేషన్ నుంచి కూనియోకి నేరుగా రైళ్ళున్నాయి, గంటంపావు పడుతుంది. అక్కడి నుంచి బస్సులో ద్రొనేరో, లోయ గుమ్మంలో ఉన్న ఊరు. అసలు చిక్కు ఆ పైన. బస్సులు తక్కువ, ఆదివారం మరీ తక్కువ. అందుకని ఒక రాత్రే ఉండేవాళ్ళు నలుగురు కలిసి కారు అద్దెకి తీసుకోవడం మేలు. కానీ ఇక్కడ ఒక మెలిక ఉంది. ఇండియా లైసెన్సు, దానితో ఇంటర్నేషనల్ పర్మిట్ ఇటలీలో రెసిడెన్సీ వచ్చిన ఏడాది దాకానే చెల్లుతాయి. ఆ తర్వాత ఇటలీ లైసెన్సు ఉండాల్సిందే. అందుకే ప్రతి గుంపులో కొత్తగా వచ్చిన జూనియరే డ్రైవరవుతాడు, పాపం! ఘాట్ రోడ్డులో ఎదురెదురుగా రెండు బండ్లు పట్టని చోట దిగే బండి ఆగి ఎక్కే బండికి దారివ్వాలి. మలుపుల్లో హారన్ కొట్టడానికి మొహమాటపడకండి.

ఎప్పుడు వెళ్ళాలంటే, జూన్ చివరి నుంచి సెప్టెంబరు చివరిదాకా. జూన్ మొదట్లో కనుమల మీద ఇంకా మంచు ఉంటుంది. అక్టోబరులో లార్చ్ చెట్లు బంగారు రంగుకి తిరిగి బ్రహ్మాండంగా ఉంటాయి గానీ బసలు చాలావరకు మూతపడతాయి.

బస కోసం 'పోస్తో తప్పా' అని వెతకండి. నడిచేవాళ్ళ కోసం నడిపే డార్మెటరీలు అవి. పడక, రాత్రి భోజనం, పొద్దున టిఫిన్ కలిపి 'మెద్జా పెన్సియోనె' అంటారు. పోయినసారి నేను మనిషికి 55 యూరోలిచ్చాను. మెయిల్ చేస్తే జవాబు రాకపోవచ్చు, ఫోన్ చేయండి, వచ్చీరాని ఇటాలియన్‌లోనైనా సరే. దుప్పటి ఇస్తారు, లోపల కప్పుకునే పల్చటి షీట్ మాత్రం మీరే తెచ్చుకోవాలి. డబ్బులు ద్రొనేరోలోనే తీసి పెట్టుకోండి, పైన ఏటీఎం దొరక్కపోతే టెన్షన్.

శాకాహారులకి ఒక హెచ్చరిక. ఇక్కడి పేరున్న వంటకం బాన్యా కౌదా: వెల్లుల్లి, ఆలివ్ నూనె సన్నని సెగ మీద మరిగించి, అందులో కూరగాయ ముక్కలు ముంచుకుని తింటారు. మా వరంగల్ ఫ్రెండ్ "వెల్లుల్లి కారం లాగా ఉందిరా" అంటూ గిన్నె ఖాళీ చేశాడు. చివర్న అడిగితే తెలిసింది, అందులో కరిగిపోయింది నెత్తళ్ళు! మనం ఎండబెట్టి వేపుడు చేసుకునే ఆ నెత్తళ్ళనే ఇక్కడ ఉప్పులో ఊరేస్తారు. సముద్రం ఊసే లేని ఈ కొండల్లో చేపలేమిటని అడగొద్దు. ఈ లోయలోని చెల్లె ది మాక్రా ఊరివాళ్ళు చలికాలం వ్యవసాయం లేనప్పుడు పీపాల్లో నెత్తళ్ళు పెట్టుకుని బండి తోసుకుంటూ ఉత్తర ఇటలీ అంతా తిరిగి అమ్మేవాళ్ళు. ఆ ఊళ్ళో దానికి చిన్న మ్యూజియం కూడా ఉంది. కాబట్టి ఆర్డరిచ్చేటప్పుడు "సెంత్సా కార్నె, సెంత్సా పేషె, సెంత్సా అచ్చూగె" అనండి: మాంసం, చేప, నెత్తళ్ళు వద్దని. సూప్ అయితే మాంసం ఉడికించిన నీళ్ళతో చేశారేమో అడగండి. ఇంకోటి, మధ్యాహ్నం రెండు దాటితే వంటగది కట్టేస్తారు. రెండున్నరకి తీరిగ్గా భోజనానికి వెళ్ళే మన అలవాటు ఇక్కడ పనికిరాదు. అందుకే పగటికి పులిహోర కట్టుకుని వెళతాను.

శనివారం కొండకి పెట్టుకోండి. పొద్దున్నే ద్రొనేరోలో 1428 నాటి రాతి వంతెన మీద పది నిమిషాలు నిలబడి నేరుగా లోయ చివరికి, క్యాప్పేరా అనే పల్లెకి పోండి. 1,600 మీటర్ల పైన ఉంది, పలకరాళ్ళు కప్పిన ఇళ్ళు. ఊరి నెత్తిన నిటారుగా రోక్కా ప్రొవెన్ౙాలె శిఖరం. దాని మీదకి ఎక్కడం తాళ్ళు వాడేవాళ్ళ పని, మనం దాని వెనక నుంచి గ్రెగూరి కనుమ మీదుగా చుట్టి వద్దాం. దాదాపు 700 మీటర్ల ఎక్కుడు, మాకు ఆగుతూ ఆగుతూ ఆరు గంటలు పట్టింది. దారి గుర్తులు రాళ్ళ మీద ఎరుపు, తెలుపు చారలు. బోర్డు మీద రాసిన సమయంలో విశ్రాంతి, ఫొటోలు, పులిహోర ఏవీ కలవవు, దానికి సగం కలుపుకోండి. 'టి', 'ఇ' అని ఉన్న దారులు మనకి. 'ఇఇ' అంటే అనుభవం ఉన్నవాళ్ళకి.

అంత ఓపిక లేకపోతే అక్కడే స్త్రొప్పియా జలపాతం కిందిదాకా నడవండి. మొత్తం కలిపి దాదాపు 500 మీటర్ల ఎత్తు నుంచి దూకుతుంది. మంచు కరిగే రోజుల్లోనే దాని జోరు, ఆగస్టులో వెళితే తడిసిన బండ కనిపిస్తుందంతే.

ఎనిమిదికల్లా నడక మొదలుపెట్టాలి, ఎండాకాలంలో మధ్యాహ్నం దాటితే పిడుగులు పడతాయి. జీన్స్ వద్దు, తడిస్తే ఆరదు. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోండి. ప్రమాదం వస్తే 112.

కుక్కల గురించి వివరంగా చెప్పాలి, ఎందుకంటే ఎవరూ నాకు చెప్పలేదు. ఆల్ప్స్‌లోకి తోడేళ్ళు తిరిగొచ్చాక గొర్రెల మందలకి పెద్ద తెల్ల కుక్కల్ని కాపలా పెడుతున్నారు. అవి గొర్రెల మధ్యే పడుకుంటాయి, దూరం నుంచి చూస్తే ఇంకో గొర్రె అనుకుంటాం. రెండోసారి వెళ్ళినప్పుడు ఆ గొర్రెల్లో ఒకటి లేచి మొరిగింది. వెంటనే ఇంకో రెండు. చేతికర్ర పైకెత్తబోతే పక్కనున్న ఇటాలియన్ ఆవిడ నా చెయ్యి కిందికి లాగి, మెల్లగా మాట్లాడుతూ వెనక్కి అడుగులు వేయించింది. పరిగెత్తకూడదు, కర్ర ఊపకూడదు, మందకి దూరంగా చుట్టూ తిరిగి పోవాలి. ఆ చుట్టు అరగంటైంది.

ఆదివారం ఊళ్ళకి. నా మాట వింటే ఒక్క ఎల్వాకే వెళ్ళండి. 1,600 మీటర్ల ఎత్తున, కొండ వాలు మీద అక్కడొకటి ఇక్కడొకటిగా విసిరేసినట్టున్న పల్లెలన్నీ కలిపి ఎల్వా. ఇప్పుడు అక్కడి జనాభా వంద కూడా లేదు. చర్చిలో పదిహేనో శతాబ్దం చివర్లో హాన్స్ క్లెమెర్ వేసిన గోడ చిత్రాలున్నాయి. ఇంత మారుమూల ఇంత పెద్ద పనా అని నోరు తెరిచాను. కానీ నాలుగుసార్లూ నేను ఆగింది ఇంకోచోట, వెంట్రుకల మ్యూజియంలో.

ఎల్వా మగవాళ్ళు ఆకురాలు కాలంలో కొండ దిగి, ఊరూరా తిరిగి ఆడవాళ్ళ జుట్టు కొనేవాళ్ళు. పేద ఇంటి అమ్మాయి జడ కోసిచ్చేస్తే గుడ్డముక్కో, కొంచెం డబ్బో. దువ్వెనకి ఊడిన చిక్కు జుట్టునీ వదిలేవాళ్ళు కాదు. అదంతా ఎల్వాకి తెచ్చి, శుభ్రం చేసి, పొడవును బట్టి కట్టలు కట్టి ప్యారిస్, లండన్ విగ్గుల వాళ్ళకి అమ్మేవాళ్ళు. అద్దాల వెనక జుట్టు కట్టలు చూస్తుంటే మా అమ్మమ్మ గుర్తొచ్చింది. దువ్వుకున్నాక ఊడిన జుట్టుని వేలికి చుట్టి, దొడ్డి గోడ సందులో దోపేది. "చిక్కు జుట్టుకి స్టీలు సామాన్లూ" అని కేకేస్తూ వచ్చేవాడికి ఇచ్చి గిన్నె తీసుకునేది. కాపలా ఉన్న ముసలాయనకి తిరుమల కళ్యాణకట్ట గురించి, ఆ జుట్టు వేలంలో అమ్ముడుపోవడం గురించి నా ఇటాలియన్‌లో చెప్పాను. ఆయన మొదట అడిగింది, "కిలో ఎంత?" అని.

మ్యూజియం రోజూ తెరిచి ఉండదు, ముందు ఫోన్ చేయండి. ఊళ్ళోవాళ్ళు కనిపిస్తే ముందుగా మీరే "బొన్‌జోర్నో" అనాలి, ఫొటో ఆ తర్వాత. కాళ్ళలో ఇంకా బలం ఉంటే శాన్ జొవాన్ని కనుమ వైపు కాసేపు నడవండి. పసుపు గుర్తులు పట్టుకుని పోతే చాలు, అవి లోయ చుట్టూ తిరిగే ఆక్సిటన్ కాలిబాట గుర్తులు.

చీకటి పడకముందే ఘాట్ దిగిపోండి. తిరిగొచ్చేటప్పుడు ద్రొనేరోలో 'ద్రొనెరేసి' అనే మిఠాయి కొనండి, చాక్లెట్ లోపల రమ్ కలిపిన క్రీమ్ ఉంటుంది. రమ్ సంగతి ఇంట్లోవాళ్ళకి డబ్బా తెరవకముందే చెప్పండి. నేను బూట్లు విప్పి వచ్చేలోపు చుట్టపుచూపుగా వచ్చిన మా బాబాయి, చుక్క కూడా ముట్టని మనిషి, మూడు తిని నాలుగోది చేతిలో పట్టుకున్నాడు.