ముసురు పట్టకముందే: ఇంట్లో చెమ్మకి కుంపటి మందు కాదు

కోనసీమలో రాజోలు దగ్గర మా బంధువుల ఊళ్ళో మొన్న ఒక పురిటింట్లో ఘోరం తృటిలో తప్పింది. రెండు రోజులు విడవకుండా వాన. బిడ్డ గుడ్డలు ఆరడం లేదు, గదంతా చెమ్మ వాసన. అమ్మమ్మగారు కొబ్బరి చిప్పలు కాల్చి, కుంపటి తెచ్చి మంచం పక్కన పెట్టారు. పైన తాడు కట్టి గుడ్డలు ఆరేశారు. ఈదురుగాలి రాకుండా కిటికీలు మూసి, తలుపు కింద సందులో పాత దుప్పటి కుక్కి పడుకున్నారు. తెల్లవారి పాలావిడ ఎంత పిలిచినా పలకకపోతే పక్కవాళ్ళొచ్చి తలుపు పగలగొట్టారు. బాలింత, బిడ్డ, అమ్మమ్మ ముగ్గురూ బతికి బయటపడ్డారు. స్పృహ వచ్చాక ఆ పెద్దావిడ అన్న మాట ఒక్కటే: "పొగంతా పోయాకే కదమ్మా లోపలికి తెచ్చాను!"

మన వైపు చాలామంది నమ్మేదీ ఇదే. పొగ వస్తున్నంతసేపే ప్రమాదమని, నిప్పులు ఎర్రగా కణకణలాడుతుంటే భయం లేదని. అసలు విషయం దీనికి తలకిందులు. పొగ ఉంటే దగ్గు వస్తుంది, కళ్ళు మండుతాయి, లేచి తలుపు తీస్తాం. ఎర్రటి బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కి రంగు లేదు, వాసన లేదు. రక్తంలో ఆక్సిజన్ పట్టాల్సిన చోటు అది ఆక్రమిస్తుంది, ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. మెలకువగా ఉన్నవాళ్ళకి ముందు తలనొప్పి, కళ్ళు తిరగడం, వికారం వస్తాయి. నిద్రలో ఉన్నవాళ్ళకి అవి కూడా తెలియవు. పొగ లేని నిప్పే ప్రాణం తీసేది.

వాన కాలం జాగ్రత్తలంటే కప్పు మీద ఆకులు తీయడం, కారే చోట సిమెంటు పెట్టడం అందరూ చేసుకునేవే. వాటి జోలికి పోను. చెమ్మ పోగొట్టాలనే తొందరలో చేసే పనుల గురించే రాస్తున్నాను.

గాలి

చుట్టూ కాలువలు, నీళ్ళు నిలిచిన వరి చేలు, చేపల చెరువులు, ఇంటి మీద ఎండ పడనివ్వని కొబ్బరి తోటలు. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వానలు, ఆ వెంటనే నవంబరు, డిసెంబరు దాకా వాయుగుండాలు. ఈ ఆరేడు నెలలు మన గోదావరి డెల్టాలో ఇల్లు పూర్తిగా పొడిగా ఉండడం జరిగే పని కాదు. తేమ 60 శాతం దాటితే బూజుకి అనుకూలం అంటారు. ముసురు రోజున మన దగ్గర బయటి గాలిలోనే 80, 90 ఉంటుంది. కాబట్టి "గాలి ఆడాలి" అని రోజంతా కిటికీలు బార్లా తీసి పెడితే చెమ్మని పిలిచి కూర్చోబెట్టినట్టే. వాన కురుస్తున్నంతసేపు జల్లు కొట్టే వైపు మూసేయండి, రెండో వైపు కొద్దిగా తీసి ఉంచండి. తెరిపి ఇచ్చి ఎండ పొడ కనబడగానే ఎదురెదురు కిటికీలు తీసి, ఫ్యాన్లన్నీ వేసి ఒక గంట వదిలేయండి. ఆ గంటని మాత్రం పోగొట్టుకోవద్దు. ఏసీ ఉంటే తలుపులు మూసి డ్రై మోడ్‌లో పెట్టండి.

వంటిల్లు, బట్టలు

చాలామందికి తెలియనిది ఇది. గ్యాస్ మండితే నీటి ఆవిరి పుడుతుంది. 14.2 కిలోల సిలిండర్ ఒకటి అయ్యేసరికి 20 లీటర్లకు పైగా నీరు ఆవిరై ఇంట్లోకి వస్తుంది, గిన్నెల్లో మరిగినది కాక. ఇల్లు వెచ్చబడుతుందని ఖాళీ పొయ్యి వెలిగించి పెట్టేవాళ్ళు చెమ్మని పెంచుకుంటున్నారు, దాంతోపాటు గదిలో గాలిని పాడు చేసుకుంటున్నారు. వంట చేసేటప్పుడు ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేయండి, వంట అయ్యాక కూడా పావుగంట తిరగనివ్వండి. గిన్నెల మీద మూత పెట్టండి.

చేత్తో పిండిన బట్టలు ఒక బకెట్ తెచ్చి గదిలో ఆరేస్తే రెండు మూడు లీటర్ల నీళ్ళు ఆ గది గాలిలో కలుస్తాయి. ఆ నీరే రాత్రికి బీరువా వెనక గోడకి చేరుతుంది. పడక గదిలో బట్టలు ఆరేయకండి. వసారాలో, రేకు కింద, దూరం దూరంగా వేసి ఫ్యాన్ పెట్టండి. బిడ్డ గుడ్డలైతే సగం ఆరాక ఇస్త్రీ చేయండి. కుంపటి మీద మాత్రం వద్దు, వసారాలో అయినా వద్దు. ఆ వసారా తలుపే మీ గదిలోకి తెరుచుకుంటుంది.

గోడలు

నేల నుంచి పైకి పాకే చెమ్మకి పుట్టీ కొట్టి ప్లాస్టిక్ పెయింట్ వేస్తే ఆర్నెల్లలో పొక్కులు లేస్తాయి. లోపలి నీరు బయటికి పోయే దారి లేక ఇంకా పైకి ఎక్కుతుంది. ఉప్పు తేలిన గచ్చు గీకి, ఎండాకాలం అంతా ఆరనిచ్చి, అప్పుడు సున్నం వేయండి. ఇప్పుడు కాదు. బీరువా, మంచం, బియ్యం డబ్బా గోడకి జానెడు ఎడంగా జరపండి. ఒకసారి మా వీధిలో బీరువా జరిపితే వెనక గోడంతా నల్ల బూజు, లోపల భూమి దస్తావేజులు అట్టకట్టి ఉన్నాయి.

ఇక మిగిలినవి వరసగా రాస్తున్నాను, ప్రతి ఒక్కటీ చదవండి.

గదిలో నిప్పులు ఉండగా ఎవరూ కునుకు తీయకూడదు. కిటికీ తీసి ఉన్నా సరే.

సాంబ్రాణి వేయకపోతే ఊరుకోని పెద్దవాళ్ళుంటే, తలుపులు కిటికీలు తీసి వేయండి, అవగానే నిప్పులు వాకిట్లోకి తీసుకెళ్ళి నీళ్ళు పోయండి. బిడ్డని పొగ మీద పట్టొద్దు.

దోమలకి పిడక, వేపాకు పొగ కూడా ఇదే లెక్క. పొగ పోయిందని ఆ మూకుడు మంచం కింద వదిలేయొద్దు. పొగ లేని నిప్పే ప్రాణం తీసేది.

తుపానుకి కరెంటు పోతే జనరేటర్ వసారాలో పెట్టొద్దు. ఇంటికి దూరంగా, పొగ కిటికీల వైపు రాకుండా పెట్టండి.

గ్యాస్ గీజర్ స్నానాల గదిలో ఉంటే బయటికి మార్పించండి. ఈ వారమే.

చెమ్మ పట్టిన గోడ మీద స్విచ్‌బోర్డు తడి చేత్తో ముట్టొద్దు. ఎంసీబీ (లోడు ఎక్కువైతే కరెంటు ఆపే స్విచ్) మనిషిని కాపాడదు. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే ఆపే స్విచ్) పెట్టించండి.

బూజుకి బ్లీచింగ్, బాత్రూమ్ యాసిడ్ కలపొద్దు. క్లోరిన్ పుడుతుంది.

పసిబిడ్డ బట్టల్లో కలరా ఉండలు వద్దు.

బీరువాలో తేమకి రాతి సున్నం వద్దు. నీళ్ళు తగిలితే కాగుతుంది, కంట్లో పడితే చూపు పోతుంది. సిలికా జెల్ పొట్లాలు పెట్టండి.

ధాన్యం బస్తాల్లో వేసే అల్యూమినియం ఫాస్ఫైడ్ మాత్రలు గాలిలో తేమ తగిలితేనే విషవాయువు వదులుతాయి. మనుషులు పడుకునే ఇంట్లో వద్దు, పక్క గదిలోనూ వద్దు.

ఇంట్లో ఇద్దరికి ఒకేసారి తలనొప్పి, వికారం వస్తే జ్వరం అనుకోవద్దు. అందరూ బయటికి రండి, నిప్పు ఎక్కడుందో ఆ తర్వాత వెతకొచ్చు.

స్పృహ లేనివాళ్ళని ముందు ఆరుబయటికి చేర్చండి. నోట్లో నీళ్ళు, మజ్జిగ పోయొద్దు. 108కి ఫోన్ చేసి, గదిలో బొగ్గుల కుంపటి ఉందని మొదటి మాటగా చెప్పండి. డాక్టరుకీ అదే చెప్పండి, వెంటనే ఆక్సిజన్ పెట్టాలి. వేలికి పెట్టే ఆక్సీమీటర్ 98 చూపించిందని ఇంటికి తీసుకురావొద్దు. కార్బన్ మోనాక్సైడ్ పట్టిన రక్తాన్ని కూడా అది మంచి రక్తంగానే లెక్కేస్తుంది.