పాత స్పీకర్ల బాగుచేత – 3వ పాఠం: బంకగా మారిన గాస్కెట్‌ను వదిలించడం

గత పాఠంలో ముందున్న జాలీ తీశాం, ఏ తీగ ఏ టెర్మినల్‌కు పోతోందో ఫొటో తీసుకున్నాం, ఊఫర్ (బాస్ మోగించే పెద్ద యూనిట్) స్క్రూలన్నీ తీసేశాం. స్క్రూలు లేకపోయినా ఊఫర్ కదలట్లేదా? పట్టుకున్నది గాస్కెట్. ఊఫర్ ఫ్రేముకూ చెక్కకూ మధ్య గాలి జారకుండా వేసిన స్పాంజి పట్టీ ఇన్నేళ్లలో నల్లటి జిగటగా మారి రెంటినీ అతికించేసింది.

ఇలా ఎందుకవుతుందో తెలిస్తే ఎలా తీయాలో సగం తెలిసినట్టే. 1970, 80ల స్పీకర్ డబ్బాల్లో కనిపించే స్పాంజి పట్టీల్లో చాలావరకు పాలీయురిథేన్ ఫోమ్. అందులో పాలీఎస్టర్ రకానికి గాలిలోని తేమే శత్రువు. నీటి అణువులు ఎస్టర్ బంధాలను తెంచుతాయి, తెగిన చోట ఆమ్లం పుడుతుంది, ఆ ఆమ్లం మిగతా బంధాలు తెగడాన్ని ఇంకా వేగిరపరుస్తుంది. అందుకే మొదలయ్యాక ఆగదు. విశాఖలోనో చెన్నైలోనో అట్టపెట్టెలో భద్రంగా దాచిన స్పీకర్లకూ ఇదే గతి, వాడకానికీ దీనికీ సంబంధం లేదు. పాలీఈథర్ రకం తేమకు తట్టుకుంటుంది. అది చెడితే బంక కాదు, పొడిపొడిగా రాలుతుంది. అలాంటిదైతే మెత్తటి బ్రష్షు, వాక్యూమ్ క్లీనర్ చాలు, ఈ పాఠం అక్కర్లేదు.

ఇంకో రకం కూడా ఉంది. 1954లో ఎడ్గార్ విల్చర్ ఏఆర్-1 స్పీకరుతో మూతపెట్టిన డబ్బాల పద్ధతి తెచ్చాక, లోపలి గాలే ఊఫర్‌కు స్ప్రింగు అయింది. ఒక్క సందు ఉన్నా బాస్ పోతుంది. అందుకని 1960ల ఏఆర్ డబ్బాల్లో ఊఫర్ చుట్టూ బూడిదరంగు పుట్టీ దట్టించారు. అది చెడిన ఫోమ్ కాదు, మొదటి నుంచీ పుట్టీయే. ఇంకా మెత్తగా ఉంటే పారేయకండి, ఉండచేసి పక్కన పెట్టండి. మిగిలిన ముక్కల మీద ఆ ఉండనే అద్దితే వాటినీ లాక్కొస్తుంది.

సరంజామా

ఒక జత స్పీకర్లకు: 99 శాతం ఐసోప్రొపైల్ ఆల్కహాల్ 100 మి.లీ., మినరల్ టర్పెంటైన్ 50 మి.లీ. (పుట్టీ ఉంటేనే), పాత నూలు బనియన్ చింపిన పన్నెండు ముక్కలు, మాస్కింగ్ టేపు ఒక చుట్ట, టాల్కం పౌడరు, నాలుగైదు ఐస్‌క్రీమ్ పుల్లలు, పనికిరాని ఏటీఎం కార్డులు రెండు, 0.4 లేదా 0.5 మి.మీ. చేపల గాలం తీగ ఒక మీటరు, నైట్రైల్ చేతితొడుగులు, ముక్కుకు మాస్కు. చాలా డబ్బాల్లో లోపల నింపింది గాజునూలు, ఊపిరితిత్తులకు మంచిది కాదు.

స్టీల్ ఊల్, బ్లేడు, ఉప్పుకాగితం బల్ల మీదికి కూడా రానివ్వకండి. మాగ్నెట్ ఇనుపరజనును వాయిస్ కాయిల్ (ఊఫర్ గరాటు పొరను ఆడించే తీగచుట్ట) సందులోకి లాక్కుంటే ఆ గరగర వదిలించడం గాస్కెట్ తీయడంకన్నా పది రెట్లు కష్టం.

బయటికి తీయడం

స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తాలనిపిస్తుంది. ఎత్తితే చిప్‌బోర్డు (చెక్కపొట్టు అదిమి చేసిన పలక) అంచు పెచ్చులూడుతుంది. లేదంటే రేకు ఫ్రేము వంగుతుంది. ఫ్రేము ఒక మిల్లీమీటరు వంగినా కాయిల్ తన సందు గోడకు రాసుకోవచ్చు.

బంక ఘనపదార్థం కాదు, మహా చిక్కటి ద్రవం. కుదిపితే మొండికేస్తుంది. తక్కువ బలం ఎక్కువసేపు వేస్తే దిగొస్తుంది. అందుకని ఎదురెదురుగా రెండు స్క్రూలను మళ్లీ పెట్టి, తల ఫ్రేముకు 4 మి.మీ. దూరంలో ఉండేలా వదలండి. స్క్రూ సగానికి పైగా చెక్కలో ఉండాలి. డబ్బాను బోర్లించి అంచులను రెండు చెక్కదిమ్మల మీద ఆనించండి, ఊఫర్ ముఖం కింద ఖాళీ ఉండాలి. రాత్రంతా అలా వదిలేస్తే మాగ్నెట్ బరువే ఊఫర్‌ను కిందికి దింపుతుంది. స్క్రూలకు బదులు చెక్క వెనక టీ-నట్లలో బిగించిన బోల్టులుంటే ఊడదీసేటప్పుడు లోపలికి నొక్కకండి, నట్టు ఊడి డబ్బాలో పడుతుంది.

తెల్లారినా దిగకపోతే హెయిర్ డ్రయ్యర్. తక్కువ వేడి మీద, 15 సెం.మీ. దూరం నుంచి, ఫ్రేము అంచు చుట్టూ రెండు నిమిషాలు తిప్పండి. ఫ్రేము మీద చెయ్యి పెట్టి ఉంచగలిగినంత వేడి చాలు. గాలి కోన్ (ఊఫర్ గరాటు పొర) మీదికి పోకూడదు. ఆ వెంటనే గాలం తీగను ఫ్రేము కిందికి జొనిపి, రెండు కొసలూ పట్టుకుని రంపంలా అటూ ఇటూ లాగుతూ చుట్టూ తిరగండి. సందు పడిన చోటల్లా ఐస్‌క్రీమ్ పుల్ల దూర్చండి. నాలుగు వైపులా పుల్లలు నిలిచాకే పైకెత్తాలి, ఒక్క వైపు నుంచి ఎప్పుడూ కాదు.

ఎత్తుతుంటే నల్లటి బంక తీగలు సాగుతాయి. తొందరపడితే తెగి కోన్ మీద పడతాయి. రెండోవారు పక్కనుండి పుల్లకు చుట్టేస్తుంటే హాయి. ఊఫర్ వచ్చేశాక టెర్మినళ్ల తీగలు విప్పి, డబ్బా కంతలో పాత దుప్పటి కుక్కండి. గీకినదేదీ లోపలి దూది మీద పడకూడదు.

ముందు పొడిగా, ఆ తర్వాతే తడి

ఎక్కువ మంది తప్పటడుగు వేసేది ఇక్కడే. సీసా మూత తీసి గుడ్డ తడిపి రుద్దుతారు. 3 మి.మీ. మందం బంక కరిగి ఫ్రేమంతా పూసుకుపోతుంది, బాస్కెట్ (ఫ్రేము వెనక భాగం) కిటికీల్లోంచి కోన్ వెనక్కి, స్పైడర్ (కాయిల్‌ను మధ్యలో నిలిపే ముడతల గుడ్డ) మీదికి జారుతుంది. అక్కడ పడిందాన్ని తీయలేం. ఆల్కహాల్ పని ఆఖరి పొర వరకే.

చుట్టిన తువ్వాలుతో ఒక కుదురు చేసి, కోన్ దేనికీ తగలకుండా ఊఫర్‌ను దాని మీద బోర్లించండి. బాస్కెట్ కిటికీలన్నిటినీ కాగితంతో, మాస్కింగ్ టేపుతో మూసేయండి. పది నిమిషాల పని, మానొద్దు. ఇక బంక మీద టాల్కం పౌడరు చల్లండి. పైపొర జిగట చచ్చి, బొటనవేలితో తోస్తే చుట్టలు చుట్టుకుంటూ లేస్తుంది. వెనకే ఏటీఎం కార్డు అంచుతో తోయండి. అల్యూమినియం పోత ఫ్రేమైతే ప్లాస్టిక్, చెక్క తప్ప మరేదీ వద్దు, గీతలు పడతాయి. ఇలా నూటికి తొంభై పాళ్లు పొడిగానే పోతుంది.

మిగిలిన మరకకు ఆల్కహాల్. గుడ్డ తడిపి పిండి, వేలికి చుట్టి, బాస్కెట్ కిటికీల వైపు నుంచి బయటి అంచు వైపు ఒక్కసారి తుడవండి. ఆ ముక్క మడత మార్చండి. అదే మడతతో రెండోసారి తుడిస్తే తీసిందే మళ్లీ పూసినట్టు. నెయిల్ పాలిష్ రిమూవర్లోని అసిటోన్, పెయింటు థిన్నర్ దగ్గరికి రానివ్వకండి. 1970ల బ్రిటిష్ ఊఫర్లలో వాడిన బెక్స్‌ట్రీన్ కోన్ పాలీస్టైరీన్ జాతిది, అసిటోన్ చుక్క పడితే కరుగుతుంది. కిరసనాయిలు బంకను తీస్తుంది గానీ నూనెపొర వదులుతుంది, కొత్త టేపు అంటుకోదు.

డబ్బా వైపు చిప్‌బోర్డుకు నీళ్లూ సబ్బూ తగలకూడదు, ఉబ్బుతుంది. పౌడరు, కార్డు, ఆపైన పిండిన గుడ్డ, అదే వరస. ఇక్కడ మాత్రం తుడుపు కంత వైపుకి. బయటికి తుడిస్తే వెనీర్ (పైన అతికించిన పల్చటి చెక్కపొర) మీదికి పోతుంది. లక్కపాలిష్ వేసిన చెక్కయితే ఆల్కహాల్ దాన్నీ కరిగిస్తుంది, వెనక మూల ఒకచోట పరీక్షించుకోండి. పుట్టీ నూనెమరకకు టర్పెంటైన్, ఆ తర్వాత ఆల్కహాల్. గుడ్డ తడిశాక హెయిర్ డ్రయ్యర్ ప్లగ్గు తీసేయండి, గది కిటికీలు తెరవండి.

జిగటగా ఉన్నదల్లా చెడినది కాదు. ఆల్టెక్, జేబీఎల్ కంపెనీల పెద్ద యూనిట్లలో మడతల గుడ్డ సరౌండ్‌కు (కోన్ అంచును ఫ్రేముకు కలిపే పట్టీ) పూసే లేపనం ఎప్పటికీ ఆరకుండా ఉండేలా చేసిందే. తాకితే వేలికి అంటుతుంది, అలాగే అంటాలి. దాన్ని తుడిచేస్తే ఆ సరౌండ్ గాలిని కారుస్తుంది. ఫ్రేము ముందువైపు, సరౌండ్ అంచు మీద అతికించిన రింగు బంక అయితే దాని మీద ద్రావకం అసలే వద్దు, కింద ఉన్న అతుకు కూడా వదులుతుంది. పౌడరు, వేలు, ఓపిక, అంతే.

పూర్తయిందా లేదా అన్నదానికి కంటిని నమ్మకండి. కొత్త మాస్కింగ్ టేపు ముక్కను ఫ్రేము మీద నొక్కి లాగండి, టేపు తెల్లగా వస్తే సరి. చుట్టూ ఎనిమిది చోట్ల చూడండి, స్క్రూ కంతల చుట్టూ తప్పకుండా. చెక్క గాడిలోనూ అదే పరీక్ష. రేకు ఫ్రేము మీద బంక కింద తుప్పు కనిపిస్తే ఇప్పుడు గీకొద్దు, మాస్కింగ్ టేపుతో గుర్తు పెట్టుకోండి. 4వ పాఠంలో 3 మి.మీ. ఈపీడీఎం రబ్బరు పట్టీ కోసే ముందు దాని సంగతి చూద్దాం. రెండు ఊఫర్లనూ ఒకే పెట్టెలో సర్దకండి, మాగ్నెట్లు ఒకదాన్నొకటి లాక్కుని కోన్లు చిరుగుతాయి.