పొదుగువాపు పాల నుంచి జీనోమ్ దాకా

గేదెల పొదుగువాపుకు కారణమైన బాక్టీరియాను పాల నుంచి వేరుచేసి, దాని జీనోమ్ (మొత్తం డీఎన్ఏ) చదవడం మా పని. గుంటూరులో మా ల్యాబ్‌కి ప్రాజెక్టు కోసం వచ్చే పిల్లలకు నేను ముందు నేర్పేది పాలు పట్టడం. తెనాలి వైపు ఊళ్లకు తెల్లవారుజామునే వెళ్లండి. చనుమొనను స్పిరిట్ దూదితో తుడిచి, ఆరనిచ్చి, మొదటి రెండు మూడు ధారలు వదిలేసి, తర్వాతి పాలు స్టెరైల్ ట్యూబులోకి పట్టండి. వెంటనే ఐస్ పెట్టెలో పెట్టాలి. మన ఎండల్లో ఆలస్యమైతే పేడ బాక్టీరియా అసలు దోషిని మించి పెరిగిపోతుంది.

గేదెకు ఎన్నో ఈత, ఏ ఇంజెక్షన్లు ఎప్పుడు వేశారు? రైతునడిగి అక్కడే రాసుకోండి. ఈ వివరాలు లేని జీనోమ్ నా దృష్టిలో సగం పనే.

ఆ పాలను పోషకాలున్న ప్లేటు మీద పూసి పెంచి, ఒక్క కాలనీనే (ఒకచోట గుంపుగా పెరిగిన బాక్టీరియా చుక్క) ఎంచి మళ్లీ పెంచండి. పొదుగువాపు తెచ్చే స్టెఫిలోకాకస్ ఆరియస్ బాక్టీరియా కణం గోడ లైసోజైమ్ అనే ఎంజైమ్‌కు లొంగదు, డీఎన్ఏ బయటికి తీయాలంటే లైసోస్టాఫిన్ అనే ఎంజైమ్ వాడాలి. డీఎన్ఏ ఎంత శుభ్రంగా ఉందో చెప్పే 260/280 నిష్పత్తి (ఆ రెండు నానోమీటర్ల కాంతిని పీల్చుకునే తీరు) 1.8 దగ్గరుంటే సీక్వెన్సింగ్‌కు, అంటే డీఎన్ఏ అక్షరాలు చదవడానికి పంపండి.

సీక్వెన్స్ ఫైళ్లు రాగానే ఫాస్ట్‌క్యూసీ అనే సాఫ్ట్‌వేర్‌లో నాణ్యత చూడండి. ఒక అక్షరానికి నాణ్యత స్కోరు క్యూ30 అంటే ఆ అక్షరం తప్పయ్యే అవకాశం వెయ్యిలో ఒకటి. తర్వాత స్పేడ్స్ అనే సాఫ్ట్‌వేర్‌తో అసెంబ్లీ, అంటే చదివిన చిన్న ముక్కలను కలిపి జీనోమ్ కట్టడం. ఆరియస్ జీనోమ్ సుమారు 28 లక్షల బేస్‌లు (డీఎన్ఏ అక్షరాలు). 50 లక్షలు వచ్చిందంటే వేరే బాక్టీరియా కలిసిందేమో, మళ్లీ ప్లేటు దగ్గరికే వెళ్లండి.

మెక్‌ఏ జన్యువు కనిపిస్తే పెన్సిలిన్ జాతి మందులు చాలావరకు పనిచేయవు. ల్యాబ్ పరీక్షతో సరిచూసుకుని పశువైద్యుడికి చెప్పండి. పాలు పితికేవాళ్ల చేతి పుండులోనూ అదే రకం దొరికితే, వాళ్ల అనుమతితో సీక్వెన్స్ చేసి, రెండింటి మధ్య తేడా ఉన్న అక్షరాలు లెక్కపెట్టండి. తేడాలు కొద్దివైతే దగ్గరి సంబంధం ఉన్నట్టే. ఎవరి నుంచి ఎవరికి సోకిందో మాత్రం ఈ లెక్క ఒక్కటే చెప్పదు.