ఎక్యూట్‌కు వ్యతిరేకం ఏది? కఠినమైన ఇంగ్లీషు పదాలను నేర్చుకునే ఒక పద్ధతి

“ఎక్యూట్” అనే ఇంగ్లీషు మాటకు వ్యతిరేక పదం చెప్పమంటే లెక్కలు చదివే విద్యార్థి “అబ్‌ట్యూస్” అంటాడు, వైద్యం చదివే విద్యార్థి “క్రానిక్” అంటాడు. ఇద్దరి జవాబూ సరైనదే. మొదటివాడు అధికకోణానికి ఎదురైన లఘుకోణాన్ని తలచుకున్నాడు, రెండవవాడు ఉన్నట్టుండి వచ్చిపడే జబ్బును తలచుకున్నాడు. వ్యతిరేక పదం మాట మొత్తానికి ఉండదు, దాని ఒక్కొక్క అర్థానికీ వేరుగా ఉంటుంది. అందుచేత అర్థాన్ని పక్కన పెట్టి వ్యతిరేక పదాల పట్టికను బట్టీ పట్టడం వృథా శ్రమ. క్రానిక్ అంటే “తీవ్రమైన” అని పొరబడేవారు మనలో చాలామంది ఉన్నారు. ఎక్యూట్ పక్కన పెట్టి చూస్తే అది కాలాన్ని చెప్పే మాట అనీ, దానికి దీర్ఘకాలికం అని అర్థమనీ వెంటనే తెలుస్తుంది.

ఒక నోటుపుస్తకంలో పేజీని నిలువుగా మూడు గళ్లు చేసుకోండి. మొదటి గడిలో పదాన్ని, అది మీకు ఎదురైన వాక్యంతో సహా రాయండి. పత్రికా సంపాదకీయంలోనో, మీ పాఠ్యపుస్తకంలోనో నిజంగా తారసపడిన పదాలనే ఎంచుకోవాలి. రోజుకు ఐదు చాలు.

రెండవ గడి అర్థానికి. ఇక్కడ వెంటనే తెలుగు మాట రాసి ఊరుకోకుండా, ముందు సులభమైన ఇంగ్లీషులో ఒక వాక్యంగా రాయడం మంచిది. ఇందుకు పెద్ద నిఘంటువుల కంటే విద్యార్థుల కోసం కూర్చినవి మేలు. 1978లో వెలువడిన లాంగ్‌మన్ నిఘంటువు తన నిర్వచనాలను సుమారు 2,000 సామాన్య పదాలతోనే రాసింది. అటువంటి నిఘంటువులో ఒక పదానికి అర్థం చూసి, ఆ అర్థం అర్థం కావడానికి మరో నాలుగు పదాలు వెతుక్కునే తిప్పలు చాలా వరకు తప్పుతాయి. ఇంగ్లీషు నిర్వచనం రాసిన తరువాత, దానికి సరిగ్గా అతికే తెలుగు మాట ఉంటే చేర్చండి, లేకపోతే వదిలివేయండి.

మూడవ గడి వ్యతిరేక పదానికి. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. “టాసిటర్న్” (మితభాషి) అనే కొత్త పదానికి ఎదురుగా “లొక్వేషస్” అనే మరో కొత్త పదాన్ని రాస్తారు. వారం గడిచేసరికి వీటిలో మితభాషి ఏదో, వాగుడుకాయ ఏదో తారుమారవుతుంది. కుడి ఎడమలను ఒకేసారి నేర్పితే పసిపిల్లలు తడబడినట్టే ఇదీ. కొత్త పదానికి ఎదురుగా ముందే తెలిసిన పదాన్ని, అంటే టాసిటర్న్‌కు “టాకటివ్”ను రాయాలి. టాసిటర్న్ బాగా నాటుకున్నాక, కొన్ని వారాల తరువాత లొక్వేషస్‌ను తెచ్చి చేర్చవచ్చు.

వ్యతిరేకాన్ని చెప్పే ఉపసర్గల విషయంలో తెలుగువారికి ఒక వెసులుబాటు ఉంది. సంస్కృతంలో న్యాయం అన్యాయమైనట్టు, అచ్చు ముందు ఉచితం అనుచితమైనట్టు, గ్రీకు నుంచి వచ్చిన మాటల్లోనూ హల్లు ముందు “ఏథీయిస్ట్”లోని ఒంటి అచ్చు, అచ్చు ముందు “అనార్కీ”లోని “అన్” కనిపిస్తాయి. లాటిన్ నుంచి వచ్చిన “ఇన్” కూడా మన సంధి లాగానే తరువాతి అక్షరాన్ని బట్టి మారి ఇంపాజిబుల్, ఇల్లీగల్, ఇర్రెగ్యులర్ అవుతుంది. అయితే దీనిని గుడ్డిగా నమ్మరాదు. అమూల్యమైన సలహా అంటే విలువ లేని సలహా అని మనం అనుకోము కదా, “ఇన్వాల్యుబుల్” కూడా అంతే. అది వెలకట్టలేనిది, దానికి వ్యతిరేకం “వర్త్‌లెస్”. పెట్రోలు ట్యాంకర్ల మీద కనిపించే “ఇన్‌ఫ్లేమబుల్” అంటే మండే స్వభావం గలది అనే అర్థం, అంటుకోనిది అని కాదు. “డిస్‌ఇంట్రెస్టెడ్” అంటే నిష్పాక్షికమైన, “అన్‌ఇంట్రెస్టెడ్” అంటే ఆసక్తి లేని. న్యాయమూర్తి మొదటి రకంగా ఉండాలి, రెండవ రకంగా ఉంటే కక్షిదారు పని అంతే.

మెప్పు, నిందల తేడాను కూడా మూడవ గడి పట్టి ఇస్తుంది. “ఫ్రూగల్” పొదుపరి, “స్టింజీ” పిసినారి. ఫ్రూగల్‌కు “వేస్ట్‌ఫుల్”ను, స్టింజీకి “జెనరస్”ను ఎదురు పెట్టాలి. ఫ్రూగల్‌కు జెనరస్ రాస్తే పొదుపరిని దానగుణం లేనివాడిగా చేసినట్టవుతుంది.

పరీక్షల కోసం చదివేవారికి ఒక మాట. 2011 ఆగస్టులో మారిన జీఆర్‌ఈ పరీక్షలో వ్యతిరేక పదాల ప్రశ్నలను విడిగా అడగడం మానివేశారు, కాని స్టాఫ్ సెలక్షన్ కమిషన్ పరీక్షల్లో అవి వస్తూనే ఉన్నాయి. నాలుగు జవాబులలో ఒకటి తరచుగా సమానార్థకమై ఉంటుంది, తొందరలో చేయి దాని మీదికే పోతుంది. ప్రశ్నలోని “వ్యతిరేక” అనే మాట కింద గీత గీసి గాని జవాబుల వైపు చూడకండి.

పునశ్చరణను మరునాడు, మూడవ రోజున, వారానికి, నెలకు చేయండి. మూడవ గడిని చేత్తో మూసి చెప్పుకోవడం ఒకసారి, మొదటి రెండు గళ్లను మూసి వ్యతిరేక పదం నుంచి అసలు పదాన్ని రాబట్టడం ఒకసారి. రెండవది కష్టం, ఉపయోగం దానిలోనే ఎక్కువ. రెండుసార్లు తప్పిన పదాన్ని పాత వాక్యంతో వదిలి, మీ ఇంటి మనుషుల మీదో పని మీదో కొత్త వాక్యం అల్లి మరో పేజీలో తిరగరాయండి.