పాత తెల్లలోహపు కిట్‌తో మోడల్ రైలు వ్యాగన్ ఎలా చేయాలి?

ఎర్రగుంట్ల స్టేషన్‌లో కాసేపు నిలబడితే సిమెంటు మోసే ఎనిమిది చక్రాల వ్యాగన్లు కనిపిస్తాయి. పాత బ్రిటిష్ కిట్లలో వచ్చేవి ఎక్కువగా అంతకు రెండు తరాల ముందటివి: నాలుగే చక్రాలు, చెక్క పలకల పెట్టె, పక్కన పొడవాటి బ్రేకు పిడి. అసలు బండిలో ఒక అడుగు ఇక్కడ 4 మి.మీ. అవుతుంది, అంటే సుమారు 1:76 నిష్పత్తి. పట్టాల మధ్య దూరం 16.5 మి.మీ. అదే నిష్పత్తిలో మన 1,676 మి.మీ. బ్రాడ్‌గేజ్‌కు 22 మి.మీ. కావాలి. కాబట్టి మొదటి కిట్‌నే మన వ్యాగన్‌గా మార్చాలని చూడకండి. అది ఏ దేశపు బండో ఆ బండిగానే చేయండి.

కొత్తవాళ్ల ధ్యాసంతా రంగు మీదే ఉంటుంది. నన్నడిగితే పనిలో ముప్పాతిక వంతు నాలుగు చక్రాలూ పట్టాల మీద సమంగా ఆనేలా చేయడమే.

ముందు లోహాన్ని చూడండి

తెల్లలోహం తగరం, సీసం, ఆంటిమొనీ వంటివి కలిపిన మెత్తని మిశ్రమం. వేళ్లతో మెల్లగా వంచితే వంగుతుంది. పెళుసుగా ఉండి, బీటలు వారి పొడిపొడిగా రాలుతుంటే అది జింకు పోత, దాన్ని బాగుచేయలేం. ఎన్నో ఏళ్లు అట్టపెట్టెలో మూసి ఉంచిన ముక్కలపై తెల్లని బూజు వంటి పొడి కనిపిస్తే, అది సీసానికి పట్టిన తుప్పు. కొద్దిగా ఉంటే తడిగుడ్డతో తుడిచి, ఆ గుడ్డను పారేయండి. ముక్క లోపలి దాకా తినేసి ఉంటే ముక్కనే పారేయండి.

సీసం విషం. పొడిగా ఆకురాయి పట్టకండి, తడిపి రుద్దండి. పనిచేసే బల్ల మీద టీ గ్లాసు పెట్టవద్దు, పిల్లలను దగ్గరికి రానివ్వవద్దు, లేవగానే చేతులు సబ్బుతో కడుక్కోండి.

అంచులు

పోత పోసేటప్పుడు అచ్చు రెండు భాగాల మధ్య నుంచి కారిన లోహం అంచుల వెంట పలుచని రేకులా మిగిలి ఉంటుంది. దాన్ని కత్తితో గీకి, తర్వాత సన్నని ఆకురాయితో సరిచేయాలి. ప్రొద్దుటూరులో స్వర్ణకారుల పనిముట్లు అమ్మేచోట చిన్న ఆకురాళ్లు అడగండి. మెత్తని లోహం వాటి పళ్లలో ఇరుక్కుంటుంది. ముందుగా సుద్దముక్క రుద్దితే ఆ బెడద తగ్గుతుంది. వంకరపోయిన పక్కలను గాజు పలక మీద పరిచి బొటనవేలితో నెమ్మదిగా నొక్కండి. సుత్తి వద్దు.

జిగురా, టంకమా?

మొదటి వ్యాగన్‌కు రెండు గొట్టాలు కలిపే ఎపాక్సీ జిగురే వాడండి. అతుకు తప్పితే మరిగే నీళ్లలో వేస్తే మెత్తబడుతుంది. కడప మే నెల మధ్యాహ్నాల్లో అది చాలా త్వరగా బిగుస్తుంది కనుక కొంచెం కొంచెంగా కలుపుకోండి. సూపర్ గ్లూది దీనికి వ్యతిరేకం: అది గాలిలోని తేమతో గట్టిపడుతుంది, మన పొడి ఎండల్లో ఆలస్యం చేస్తుంది. దాన్ని చిన్న చిన్న వస్తువులకే ఉంచండి.

టంకం వేస్తే అతుకు ఇంకా చక్కగా కుదురుతుంది. అయితే మామూలు టంకానికి సుమారు 190 డిగ్రీలు కావాలి. ఆ వేడికి వ్యాగన్ పక్కే కరిగి ముద్దయిపోవచ్చు. 70 డిగ్రీల దగ్గర కరిగే ప్రత్యేక టంకం, ఫాస్ఫారిక్ ఆమ్లపు ఫ్లక్స్ (టంకం లోహానికి పట్టేలా ముందుగా పూసేది), వేడి తగ్గించుకోగల సోల్డరింగ్ ఐరన్ మూడూ ఉంటేనే దిగండి. ముందు పనికిరాని తునక మీద పరీక్షించండి. కిటికీ తెరిచి ఉంచండి.

పెట్టె, చక్రాలు

ఒక పక్కనూ ఒక కొననూ మూలమట్టం ఆసరాతో అతికించండి. రెండో జత కూడా అలాగే. రెండు జతలనూ నేల పలక చుట్టూ కలిపితే పెట్టె తయారు.

ఇప్పుడు తొందరపడకండి. ఇరుసులను పట్టే పక్కభాగాల్లో ఇత్తడి బేరింగ్‌లు దించి, ఒకవైపు భాగాన్ని గట్టిగా అతికించండి. సాధారణంగా ఇరుసు 26 మి.మీ. పొడవు ఉండి, కొనలు సూదిగా ఉంటాయి. చక్రాల వ్యాసం సుమారు 12 మి.మీ. రెండోవైపు భాగానికి జిగురు పెట్టి, అది బిగుసుకునే లోపే చక్రాలు అమర్చి గాజు పలక మీద నిలబెట్టండి. నాలుగు మూలలనూ ఒక్కొక్కటిగా వేలితో తట్టండి. ఏ మూల తట్టినా బండి ఊగకూడదు. ఊగితే లేచిన చక్రం వైపు భాగాన్ని వెంట్రుకవాసి కదిపి మళ్లీ తట్టండి. తర్వాత చక్రాన్ని ఊదండి: గిర్రున తిరగాలి, ఇరుసు పక్కలకు కొద్దిగా కదలాలి. బిగుతుగా ఉంటే బేరింగ్‌ను ఇంకాస్త లోతుకు దించాలి. చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం సుమారు 14.5 మి.మీ. ఉందో లేదో కొలవండి. తక్కువైతే పట్టాలు చీలేచోట బండి పడిపోతుంది.

రంగు

పాత టూత్‌బ్రష్‌తో, సబ్బునీళ్లతో కడిగి, పూర్తిగా ఆరాక లోహానికి పట్టే ప్రైమర్ కొట్టండి. ఎండాకాలం స్ప్రే పని ఉదయమే ముగించండి. మధ్యాహ్నం రంగు గాలిలోనే ఆరి ఇసుకలా అంటుకుంటుంది. 1948 తర్వాతి బ్రిటిష్ రైల్వేస్ బండి అయితే, కొనల దగ్గర వాక్యూమ్ బ్రేకు గొట్టం పోత ఉందేమో చూడండి. ఉంటే ఎరుపు కలిసిన గోధుమరంగు, లేకుంటే బూడిదరంగు.

చివరగా కొక్కేలు. మీ దగ్గరున్న మరో బండి పక్కన నిలబెట్టి ఎత్తు సరిచూశాకే అతికించండి. నాలుగు చక్రాల బండికి 50 గ్రాముల బరువు చాలు. లోహపు పెట్టెకు ఆ బరువు తనంతట తానే వస్తుంది, అదనంగా ఏమీ వేయనక్కరలేదు. ఇలాంటివి పది ఒకే రైలుకు తగిలిస్తే చిన్న ఇంజను ఎత్తు ఎక్కలేక చక్రాలు జారుతాయి. మధ్యలో ప్లాస్టిక్ వ్యాగన్లు కలపండి, లోహపువి ఇంజనుకు దగ్గరగా ఉంచండి.