అమెరికా నుంచి యూరప్‌కి చవక టికెట్: కొత్తగా వచ్చినవారికి సూచనలు

టికెట్లు వెతకడానికి కూర్చునే ముందు పాస్‌పోర్టు తెరిచి అమెరికా వీసా స్టాంపు గడువు చూసుకోండి. ఐ-94 (అమెరికాలో ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పే రికార్డు) మీద ఇంకా రెండేళ్లుంది కదా అనుకుంటే పొరపాటే. అది ఇక్కడ ఉండటానికి పనికొస్తుంది, తిరిగి అడుగుపెట్టాలంటే స్టాంపు కావాలి. కెనడా, మెక్సికోలకు వెళ్లి 30 రోజుల్లోపు వచ్చేవాళ్లని కొన్ని షరతుల మీద పాత స్టాంపుతోనూ రానిస్తారు గానీ, ఆ వెసులుబాటు యూరప్‌కి లేదు. ఎఫ్-1 (విద్యార్థి వీసా) వాళ్లకి, కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం మీద ట్రావెల్ సంతకం ఏడాది లోపుదై ఉండాలి, ఓపీటీలో (చదువుకు సంబంధించిన ఉద్యోగ అనుమతి) ఉంటే ఆరు నెలల లోపుది. ఇవి సరిగ్గా లేకపోతే ఎంత చవక టికెట్ దొరికినా చివరికి స్టాంపింగ్ కోసం ఇండియా దాకా పోవలసి రావచ్చు.

తర్వాత షెంజెన్ వీసా, అంటే యూరప్‌లో చాలా దేశాలకి కలిపి పనికొచ్చే ఒకే వీసా. ఫీజు 90 యూరోలు. ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు పెట్టుకోవచ్చు, కనీసం 15 రోజుల ముందైనా పెట్టాలి. అసలు తిప్పలు అపాయింట్‌మెంట్ దొరకడంలోనే, వేసవికైతే మరీను. ఏ దేశంలో ఎక్కువ రోజులు ఉంటారో ఆ దేశానికే దరఖాస్తు చేయాలి. టికెట్ చవకని లిస్బన్‌లో దిగి, ఫ్రాన్స్‌లో వారం ఉండేట్టయితే ఫ్రాన్స్‌కే పెట్టాలి. ఆ వీసాతో లిస్బన్‌లో దిగడానికి అడ్డేమీ లేదు. బ్రిటన్, ఐర్లాండ్ షెంజెన్‌లో లేవు, వాటి వీసాలు వేరు.

ఊరు మార్చి చూడండి

తేదీలు అటూఇటూ జరిపితే ధర తగ్గుతుందని అందరికీ తెలుసు. ఎక్కే ఊరు, దిగే ఊరు కూడా జరపొచ్చని చాలామందికి తట్టదు. డాలస్ నుంచి పారిస్‌కి వెళ్లాలనుకుందాం. గూగుల్ ఫ్లైట్స్‌లో ఎక్కే చోట ఒకటి కాదు, ఏడు విమానాశ్రయాల దాకా ఇవ్వొచ్చు. డాలస్‌తో పాటు హ్యూస్టన్, ఆస్టిన్, చికాగో, న్యూయార్క్, బోస్టన్ వేయండి. దిగే చోట పారిస్ పక్కన బ్రస్సెల్స్, ఆమ్‌స్టర్‌డామ్, మాడ్రిడ్, లిస్బన్ చేర్చండి. బ్రస్సెల్స్ నుంచి పారిస్‌కి రైల్లో గంటన్నర కూడా పట్టదు. ఆ రైలు టికెట్ ఖర్చు కలిపాకే పోల్చండి.

ఆ తర్వాత డేట్ గ్రిడ్ తెరిస్తే వెళ్లే రోజు, వచ్చే రోజు గళ్లుగళ్లుగా ధరలతో కనిపిస్తాయి. ప్రైస్ గ్రాఫ్‌లో ప్రయాణం ఎన్ని రోజులో చెబితే, ఏ వారంలో ధర పడిందో చూపిస్తుంది. ఎక్కడికైనా సరే అనుకునేవాళ్లు ఎక్స్‌ప్లోర్‌లో గమ్యంగా 'యూరప్' అని మాత్రం ఇస్తే మ్యాపు మీద ఊరూరి ధరా వస్తుంది. స్కైస్కానర్‌లో తేదీకి బదులు నెల మొత్తం ఎంచుకోవచ్చు. రెండిట్లోనూ వెతకండి గానీ, కొనడం మాత్రం వీలైనంతవరకు ఎయిర్‌లైన్ సొంత సైట్లోనే. ఎప్పుడూ పేరు వినని ఏజెంటు సైటులో పాతిక డాలర్లు మిగిలినా, ఫ్లైట్ రద్దయిన రోజున ఎయిర్‌లైన్ ఏజెంటుని అడగమంటుంది, ఏజెంటు ఎయిర్‌లైన్‌ని అడగమంటాడు.

జనవరి రెండో వారం నుంచి మార్చి మధ్యదాకా, మళ్లీ నవంబరులో ధరలు దిగుతాయి. జూన్ మధ్య నుంచి ఆగస్టు దాకా మండిపోతాయి. ఉద్యోగాల్లో ఉన్నవాళ్లకి థాంక్స్‌గివింగ్ వారం మంచి అదను: అమెరికా లోపలి టికెట్లు ఆకాశంలో ఉంటాయి గానీ, యూరప్‌లో అది పండగ కాదు కనుక అటువైపు ధర తరచుగా అంత పెరగదు. ఇక మంగళవారం రాత్రి కొనాలి, బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో (హిస్టరీ దాచని విండో) తెరిచి చూడాలి అనే చిట్కాల జోలికి పోకండి. చూస్తుండగానే ధర పెరిగిందంటే చాలావరకు ఆ ధర తరగతిలో సీట్లు అయిపోయాయని అర్థం.

ఈ ధర తరగతుల సంగతి కుటుంబాలకి బాగా పనికొస్తుంది. చవక తరగతిలో మూడు సీట్లే మిగిలి, మీరు నలుగురికి వెతికితే, సిస్టమ్ నలుగురికీ కలిపి పై ధర చూపిస్తుంది. ఒకసారి ఒక్కరికి వెతికి చూడండి. తలకి ధర తేడా వస్తే ముగ్గురికో బుకింగ్, ఒకరికో బుకింగ్ చేసుకోవచ్చు. పిల్లలున్న బుకింగ్‌లో పెద్దవాళ్లు ఒకరైనా ఉండాలి.

దారిలో తిరకాసులు

రోమ్‌లో దిగి పారిస్ నుంచి తిరుగు ప్రయాణం పెట్టుకోవాలంటే రెండు వన్‌వేలు కొనకండి. పెద్ద ఎయిర్‌లైన్లలో వన్‌వే ఒక్కోసారి రౌండ్‌ట్రిప్ కంటే ఎక్కువ ఉంటుంది. మల్టీసిటీలో రెండూ ఒకే టికెట్‌గా అడగండి. మళ్లీ రోమ్‌కి వెనక్కి వచ్చే ఖర్చూ తప్పుతుంది.

ఐస్‌లాండ్‌ఎయిర్ రేక్యావిక్‌లో ఏడు రోజుల దాకా, టాప్ పోర్చుగల్ లిస్బన్ లేదా పోర్టోలో పది రోజుల దాకా టికెట్ ధర పెంచకుండా ఆగనిస్తాయి. ఒక్క ధరకి రెండు దేశాలు. రెండూ షెంజెన్ దేశాలే కాబట్టి ఒకే వీసా సరిపోతుంది.

లండన్ విషయంలో జాగ్రత్త. బ్రిటన్ నుంచి బయలుదేరేవాళ్ల మీద ప్రయాణ పన్ను ఉంది. 2025 ఏప్రిల్‌లో అమెరికా దూరానికి ఎకానమీలో తలకి 90 పౌండ్లు అయింది, ఏటా పెరుగుతోంది. 24 గంటల్లోపు కనెక్షన్ మారిపోయేవాళ్లకి ఇది పడదు, 16 ఏళ్లలోపు పిల్లలకి ఎకానమీలో లేదు. అందుకే లండన్‌లో దిగి, తిరుగు ప్రయాణం వేరే దేశం నుంచి పెట్టుకుంటే కొంత మిగులుతుంది. ఐర్లాండ్‌లో ఇలాంటి పన్ను 2014లోనే ఎత్తేశారు.

న్యూయార్క్ నుంచి చవకగా ఉందని డాలస్ నుంచి అక్కడిదాకా వేరే టికెట్ కొంటే, అవి రెండు వేర్వేరు ఒప్పందాలు. మొదటి ఫ్లైట్ ఆలస్యమై రెండోది తప్పితే ఎవరూ బాధ్యులు కారు, సామాను కూడా మీరే తీసుకుని మళ్లీ చెకిన్ చేయాలి. కనీసం ఐదారు గంటల ఎడం, చలికాలంలో ఒక రాత్రి ఎడం ఉంచుకోండి. లగార్డియాలో దిగి జేఎఫ్‌కేలోనో నెవార్క్‌లోనో ఎక్కాలేమో చూసుకోండి. సెర్చ్‌లో అన్నీ 'న్యూయార్కే'. మాంట్రియల్, టొరంటోల నుంచి ఎక్కువ తగ్గుతోందని మురిసిపోయే ముందు కెనడా వీసా ఉందా అని చూసుకోండి.

ఇండియాకి వెళ్తూ యూరప్ మీదుగా పోయేవాళ్లకి ఇంకో పెద్ద గొయ్యి ఉంది. న్యూయార్క్–లిస్బన్–ఫ్రాంక్‌ఫర్ట్–హైదరాబాద్ అని ఒకే టికెట్ చవకగా వచ్చిందనుకోండి. లిస్బన్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి వెళ్లేది షెంజెన్ లోపలి ఫ్లైట్, అంటే లిస్బన్‌లోనే ఇమ్మిగ్రేషన్ దాటాలి. షెంజెన్ వీసా లేకపోతే న్యూయార్క్‌లోనే ఎక్కనివ్వరు. సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్ (సామాను మీరే తీసుకుని మళ్లీ చెకిన్ చేయాల్సినవి) అని చూపించే కనెక్షన్లలోనూ ఇదే గొడవ, సామాను కోసం బయటికి రావాలి కనుక. షెంజెన్‌లో ఒక్కచోటే ఆగే దారి ఎంచుకోండి. అప్పుడు కూడా ఆ దేశపు ట్రాన్సిట్ నియమం దాని ఎంబసీ సైటులో చదివే కొనండి. అమెరికా స్టాంపు గడువులో ఉంటే చాలాచోట్ల వచ్చే మినహాయింపు, గడువు తీరితే పోవచ్చు.

కొనే ముందు, కొన్నాక

బేసిక్ ఎకానమీ ధరలో చెకిన్ బ్యాగు ఉండదు. అట్లాంటిక్ మీద అమెరికా పెద్ద ఎయిర్‌లైన్లలో మొదటి బ్యాగుకి ఒక వైపు దాదాపు 75 డాలర్లు. లో-కాస్ట్ ఎయిర్‌లైన్లలో క్యాబిన్ బ్యాగుకీ, సీటుకీ, భోజనానికీ విడివిడిగా కట్టాలి. ఊరగాయ జాడీతో వెళ్లేవాళ్లకి చవక టికెట్ అక్కడే ఖరీదైపోతుంది. కాబట్టి రెండు వైపులా బ్యాగులు కలిపి చూడండి.

ఇంకో ఎర: దూరపు ఊరి టికెట్ చవకని కొని, మధ్యలో దిగిపోయి చివరి ఫ్లైట్ వదిలేయడం. వెళ్లేటప్పుడు ఒక్క ఫ్లైట్ ఎక్కకపోయినా మిగతా టికెట్ మొత్తం, తిరుగు ప్రయాణంతో సహా, రద్దవుతుంది. సామాను మాత్రం చివరి ఊరు చేరుతుంది.

యూరోపియన్ యూనియన్ నుంచి బయలుదేరే ఏ ఎయిర్‌లైన్ ఫ్లైటైనా ఎయిర్‌లైన్ తప్పువల్ల నాలుగు గంటలకు మించి ఆలస్యంగా చేరితే, ఈ దూరానికి 600 యూరోల పరిహారం అడగొచ్చు. వెళ్లేటప్పుడు మాత్రం యూరోపియన్ యూనియన్ ఎయిర్‌లైన్ అయితేనే ఆ హక్కు. ధరలు దగ్గరదగ్గరగా ఉంటే ఇది గుర్తుపెట్టుకుని ఎంచుకోండి.

ప్రయాణం ఏడు రోజులకంటే దూరంలో ఉండి, ఎయిర్‌లైన్ దగ్గర నేరుగా కొంటే, అమెరికా నియమం ప్రకారం 24 గంటల్లోపు రద్దు చేసి పూర్తి డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. మంచి ధర కనబడితే ముందు కొని, ఆ తర్వాత సెలవు సంగతి మేనేజర్‌ని అడగండి. ఆ గడువులోనే టికెట్ మీద పేరు పాస్‌పోర్టుతో అక్షరం అక్షరం సరిచూసుకోండి. మన పాస్‌పోర్టుల్లో ఇంటిపేరు గడి ఖాళీగా ఉండటం మామూలే. అలాంటివాళ్లకి అమెరికా వీసా మీద మొదటి పేరు చోట 'ఎఫ్ఎన్‌యూ' (ఫస్ట్ నేమ్ అన్‌నోన్, మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. ఎయిర్‌లైన్ సైటు రెండు గళ్లూ నింపమంటుంది, ఎలా నింపాలో ఒక్కో ఎయిర్‌లైన్ ఒక్కోలా చెబుతుంది. ఫోన్ చేసి కనుక్కునే నింపండి. పొరపాటు పడితే ఆ 24 గంటల్లోనే రద్దు చేసి మళ్లీ కొనండి. ఆ గడువు దాటాక పేరు సరిచేయించుకోవడానికి ఎయిర్‌లైన్ దయ మీద ఆధారపడాలి.